ఉప్పు దాణా

1984 జూలై 8

కోడెల సగటు వెయిట్ మూడు వందల కిలోలు దాటగానే అరవైనీ అమ్మేస్తానని, ఆ రోజే నాకు లీవు ఇస్తానని మా ముదీర్, అంటే మేనేజర్, మళ్లీ చెప్పాడు. వాడి పేరు నూర్ మొహమ్మద్. మన హైదరాబాద్‌వాడే. నేను గల్ఫులో ఈ అల్ ఐన్ షెడ్డుకి వచ్చి రెండున్నరేళ్లయింది. నేను వచ్చాక పుట్టిన కూతుర్ని ఫోటోలో తప్ప చూడలేదు. ఇంకా పదిహేను కిలోలు రావాలి. ఈ ఎండలో ఎక్కణ్నుంచి వస్తాయి?

జూలై 12

కాటా రోజు. కిలో కూడా పెరగలేదు. దాణా మాత్రం ఎప్పట్లాగే లాగించాయి.

జూలై 19

తప్పుడు పని చేశాను. పొద్దున దాణాలో ఉప్పు దండిగా కలిపాను. కోడెలు దాహానికి నీళ్ల తొట్లు ఖాళీ చేశాక కాటా ఎక్కించాను. ఆరు కిలోలు పెరిగాయని రాశాను. నాతో మేత వేసే ఖాదర్ హుస్సేన్ చూశాడు. ఇంకో రెండు వారాలు ఉప్పు పెంచుకుంటూ ఇలా చేస్తే ఇంటికే.

ఆగస్టు 2, మధ్యాహ్నం

మూడు వందలు దాటింది! సూట్‌కేసు కొన్నాను.

సాయంత్రం

ముదీర్ అమ్మడట. లెక్క చెప్పాడు నాకు. కోడె తినే దాణా కంటే అది పెంచే మాంసానికి ఎక్కువ ధర వస్తున్నంత కాలం అమ్మేవాడు పిచ్చోడట. ఎండలోనే ఇంత బాగా పెరుగుతున్నాయి కదా, బక్రీద్ దాకా ఉంచుదాం అన్నాడు. పైగా భుజం తట్టాడు. ఆ చెయ్యి విరిచేయాలనిపించింది. పెరగడం లేదురా, నీ దాణా అంతా పేడవుతోంది అని అరవాలి. ఎలా అరుస్తాను? కాగితం మీద పెంచింది నేనే. వాడి మీదకంటే నా మీదే నాకు మంటగా ఉంది.

ఆగస్టు 9

నా భార్య రహీమాబీ ఉత్తరం. పాప మా తమ్ముణ్నే నాన్న అనుకుని అబ్బా అంటోందట. మొదట్లో తను దిద్దేదట, ఇప్పుడు మానేసిందట. చదివి ఇనప తొట్టిని తన్నాను. కాలి గోరు ఊడింది.

ఆగస్టు 11

ముదీర్‌కి అంతా చెప్పేశాను. పాస్‌పోర్టు వాడి దగ్గరే ఉంది, జైల్లో వేయిస్తాడని ఖాదర్ వద్దన్నాడు. వేయించనీ అనుకున్నాను. నిజం తెలిస్తే అమ్మకుండా ఉండలేడు కదా.

ముదీర్ తిట్టలేదు. నన్ను చూసి నవ్వాడు.

"రేపే అమ్ముదాం మౌలా. కసాయి సేఠ్ కిలోల లెక్కన కొంటడు. ఆయన వచ్చేముందు గా ఉప్పు ముచ్చట మల్ల జెయ్. ఎల్లుండి కొత్త కోడెల ఓడ గూడ వస్తున్నది. నువ్వు పోతె నాకెట్ల? లీవు ముచ్చట వచ్చే ఏడు సూద్దాం."

ఆగస్టు 12

చేశాను. అరవై కోడెలూ లారీలెక్కాయి.

ఆగస్టు 13

నా పని ముదీర్‌కి చాలా నచ్చిందని రహీమాబీకి రాశాను.