చర్చి ఉత్తరపు గోడ, పెరట్లో సున్నపు గొయ్యి

చర్చి గోడలు చూసుకునే సున్నం మేస్త్రీనైన నేను, డెబ్భై ఒకటో ఏట, ఒంట్లో ఓపిక తగ్గినా బుద్ధి చెక్కుచెదరకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. దీన్ని అమలు చేయవలసింది చర్చిలో గంట కొట్టే అక్కయ్య. ఆమె గంట తప్పగా నేను వినలేదు, మాట తప్పగా చూడలేదు.

1. ఇల్లు సర్వహక్కులతో నా భార్యకు.

2. తాపీలు, రసమట్టం, ఉలులు నా కూతురికి. ఆడపిల్లకు తాపీ ఎందుకని నవ్వినవాళ్లు దాని చేతి పూత చూశాక నోరు మూసుకున్నారు.

3. తమ్ముడి సంగతి. నేను ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజుల్లో, ఎవరో పెద్దలొస్తున్నారని కమిటీ తొందరపడితే, రెండొందల ఏళ్ల రాతిగోడకు వీడు సిమెంటు పూశాడు. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది అని వాడికి నేర్పింది నేనే. "అన్నయ్య సరేనన్నాడు" అని చెప్పి, కాగితం మీద నా సంతకం తనే పెట్టాడు. రెండు వానాకాలాలకు గోడ చెమ్మెక్కి మధ్యలో ఉబ్బింది. ఊరంతా నన్ను తిడుతుంటే వాడు పక్కనే నిలబడి నేల చూశాడు. నా ఇంట తిని నా ఇంటి వాసాలే లెక్కపెట్టాడు. కడుపు మండింది, ఇంకా మండుతూనే ఉంది.

4. వచ్చే వానల్లోపు ఆ సిమెంటు తీయకపోతే గోడ కూలుతుంది. తీయవలసింది తమ్ముడే, మిషనుతో కాదు, ఉలితో. కిటికీ కింద మూడో రాయి దగ్గర చెయ్యి నెమ్మదించాలి. అక్కడ పాత సున్నంలో నాన్న బొటనవేలి ముద్ర ఉంది. చదువురాని ఆయన, ఆ గోడకు తన సున్నం పూత పూర్తయ్యాక పెట్టుకున్న సంతకం అది. వీడు దానిమీద కూడా పూశాడు.

5. మా ఇంట్లో పెద్దవాడు తరువాతివాడి కోసం సున్నం నానబెట్టి, గోతిలో నీళ్ల కింద ఏళ్లతరబడి మగ్గనిస్తాడు. నాన్న నాకలాగే ఇచ్చాడు. పెరట్లో గొయ్యి పద్నాలుగేళ్ల కిందట తమ్ముడి కోసం నేను నింపింది. కూతురికి రాద్దామని ఈ కాగితం మూడుసార్లు చించాను. కానీ వాడి పేరున నానబెట్టింది వాడిదే. గోడంతటికీ సరిపోతుంది. మొన్న మంచం పట్టేదాకా నీళ్లు ఎండనివ్వలేదు. పెరటి తాళంచెవి వాడి వదిన దగ్గరుంది. ముందు నాలుగు తిట్టి ఆ తరవాతే ఇస్తానంది, పడాలి.

వాడిని క్షమించానని మాత్రం ఎవరూ చదువుకోవద్దు.

తేదీ: మార్చి తొమ్మిది, ఆదివారం.

సాక్షులు: చర్చి తోటమాలి, పక్కింటి దర్జీ.

నా సంతకం ఇప్పటికే ఒకరు పెట్టేశారు కాబట్టి, చదువొచ్చినా నాన్నలాగే బొటనవేలి ముద్ర వేస్తున్నాను.