బంకకు పాఠాలు

2006 మే 9
టేకులపల్లి సంత నుంచి తపసి చెట్టు బంక తెచ్చాను. అమ్మినామె అడిగింది — "కడుపుల మంటకా సారూ?" అవునన్నాను. అబద్ధమేమీ కాదు.

మే 12
బంక నానింది. ల్యాబు జిగురు పొడి కలిపి కాచి, పళ్లెంలో పోసి ఫ్రీజర్లో పెట్టాను. గడ్డకట్టాలి, కరగాలి, మళ్లీ గడ్డకట్టాలి. కరిగించే పని కరెంటు కోత చూసుకుంటుంది. సైన్సుకు ప్రభుత్వం చేసిన సాయం ఇదొక్కటే. సరోజిని — "పెరుగు గిన్నె మీ నెత్తి మీద పెట్టాల్నా?" ఇన్నేళ్ల కాపురంలో నా పరిశోధన గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న.

మే 20
పట్టీ తయారైంది. అరచేతి వెడల్పు, చేప పొట్టలా మెత్తన. ఈరోజు నుంచి శిక్షణ. నీళ్లలో ఉంచి సాగదీయాలి, వదలాలి, మళ్లీ సాగదీయాలి. తెగేదాకా కాదు... తెగుతుందేమో అన్నంత. లోపలి పోగులు లాగిన దిక్కుకు సర్దుకుంటాయి. మెత్తటిది బరువు మోయడం నేర్చుకుంటుంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు స్టాఫ్ రూంలో ఇదే చెప్పాను. ల్యాబు అడిగాను. హెడ్డు నరసింహం టీ గ్లాసు దించకుండానే — "ఏందయ్యా, బంకకు పాఠాలు చెప్తవా? ముందు పోరగాండ్లకు చెప్పు." అందరూ నవ్వారు. రిటైరయ్యేదాకా నేను 'బంక సారు'నే. ప్యూనుకు కూడా.

జూన్ 3
లైబ్రరీలో విదేశీ పత్రిక. మెత్తటి పదార్థాలకు సాధన నేర్పగలమా అని అక్కడ ఇప్పుడు అడుగుతున్నారట. అడిగినందుకే మెప్పు. వాళ్లకు నరసింహం లేడు.

జూన్ 18
మొదట్లో చెంబు కడితేనే వణికేది. ఈరోజు రోటి పొత్రం మోసింది. సరోజిని చూసింది. పొత్రం విప్పుకుని పోయింది.

జూన్ 24
రేపు కాలేజీలో పాత లెక్చరర్ల కలయిక. అధ్యక్షుడు నరసింహమే. ఎప్పుడూ అతనే. పట్టీని తడిగుడ్డలో చుట్టాను. అనాల్సిన మాట కూడా సిద్ధం — "పాఠం అప్పజెప్తుంది, వినండి సారూ." అంతే. అందరి ముందు.

జూన్ 25
అందరి ముందే. పొత్రం వేలాడింది. ఎవరూ నవ్వలేదు. నా మాట అన్నాను.

నరసింహం మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చాడు. పట్టీని చాలాసేపు తడిమాడు. "అడ్డం లాగితే?"

లాగాడు. తడికాగితంలా చిరిగింది.

"గిదేంది, ఒక్క దిక్కే నేర్పినవ్?"

వెక్కిరింపు కాదు. వెక్కిరించినా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు, ఆ రోజు స్టాఫ్ రూంలో అడగాల్సినట్టు. అడ్డం సంగతి నాకే తోచలేదు. లాగిన ప్రతిసారీ అతని మొహమే కనబడేది, ఇంకేం తోస్తుంది?

"రెండు దిక్కుల లాగి చూద్దాం. నేనొస్త." క్షమాపణ లేదు. గుర్తే లేదేమో.

జూన్ 26
రాయడానికేమీ లేదు.

జూన్ 29
కొత్తది పోశాను. నలుచదరం.

జూలై 4
నిలువుకు నేను చాలు. అదే క్షణంలో అడ్డం కూడా లాగాలంటే ఇంకో జత చేతులు కావాలి. సరోజినిని అడిగాను. "ఆ సారు వస్తనన్నడు గద." రావద్దని ఫోన్ చెయ్యమన్నాను. "మీరే చెప్పుండ్రి." చెప్పలేదు.

జూలై 5
రాస్తుండగానే గేటు చప్పుడు. నరసింహం గొంతు — "బంక సారూ, ఇంట్లనే ఉన్నవా?"

పట్టీ నీళ్లలో ఉంది. సరోజిని నా మొహం చూస్తోంది. తలుపు గడియ పెట్టే ఉంది...