పందికొక్కు సొరంగంలో దిమ్మెల్లేవు

సెప్టెంబరు 15, 2011. గురువారం

సమ్మెలో మూడో రోజు. తెలంగాణ కోసం బొగ్గు గనులన్నీ బంద్. పదకొండేళ్ల సర్వీసులో పగటిపూట వరుసగా ఇన్ని రోజులు ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి.

నాలుగేళ్ల కూతురు సహస్ర టీవీ చూస్తూ, నన్ను ఎగాదిగా చూసి అడిగింది: "డాడీ, నువ్వెప్పుడు పోతవు? ఆ కుర్చీల నా బొమ్మ కూసుంటది."

చుట్టాన్ని అడిగినట్టే! తప్పు పిల్లది కాదు. నేను డ్యూటీకి వెళ్లేటప్పుడు తను నిద్రలో ఉంటుంది. వచ్చాక నేను నిద్రలో ఉంటాను.

తర్వాత టీవీలో కండల వీరుడొకడు ఎవరినో తన్నాడు. సహస్ర నా మోకాలిని తన్నింది.

నిర్ణయం! రేపటి నుంచి ఈ ఇంట్లో కార్టూన్లు ఎంపిక చేసేది రఘుపతి, అంటే నేను. రూల్స్:
1. కొట్లాటలు నిషేధం.
2. ఏదో ఒకటి నేర్పాలి.
3. పక్కన కూర్చున్న పెద్దవాళ్లకూ నచ్చాలి.
4. రోజుకు అరగంట. నిమిషం కూడా ఎక్కువ లేదు.

నా భార్య సంధ్యారాణి అంగన్‌వాడీ టీచర్. కాగితం చదివి, "ఎన్ని రోజులు నడుస్తదో చూస్త" అంది. మా అమ్మ లస్మవ్వ మాత్రం, "నా సీరియల్ ఎప్పుడు పెడుతవు కొడుకా?" అంది.

చరిత్ర మొదలయ్యేటప్పుడు ఇలాంటి మాటలు పట్టించుకోకూడదు.

సెప్టెంబరు 16

ఉ. 10:00. అక్షరాలు నేర్పే తాబేలు. మంచి కార్టూన్. శాంతంగా ఉంది.
10:06. ఇంకా 'ఆ' దగ్గరే ఉంది.
10:50. మెలకువ వచ్చింది! టీవీలో కండల వీరుడు. రిమోట్ మా అమ్మ చేతిలో. "గీడు మంచిగ కొడుతుండురా" అంది.

సెప్టెంబరు 19

లక్ష్మీనగర్ బజారులో కార్టూన్ సీడీ కొన్నాను. మాట్లాడే కూరగాయలు. పాటలు బాగున్నాయి. సంధ్యారాణి కూడా వచ్చి కూర్చుంది. విజయం!

రాత్రి అన్నంలోకి వంకాయ కూర. సహస్ర పళ్లెం పట్టుకుని ఏడుపు. "వంకాయ మామను ఎందుకు చంపినవు మమ్మీ?"

సంధ్యారాణి నా వైపు చూసిన చూపు రాయలేను. రూల్ 5: తినే వస్తువులు మాట్లాడకూడదు.

సెప్టెంబరు 23

మంచి సీడీ దొరికింది! పందికొక్కుల కుటుంబం. నేల కింద సొరంగాలు తవ్వుకుంటూ బతుకుతాయి. నా సొంత బంధువుల్లా అనిపించాయి.

ఒక్కటే బాధ. అంత పెద్ద సొరంగం, కప్పు కింద ఒక్క దిమ్మె లేదు! నా పనే అది కదా, గనిలో కప్పు కూలకుండా ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టడం. ఊరుకోలేక, "అరే, కప్పు కూలుతది, దిమ్మె పెట్టరా!" అని అరిచాను. సహస్ర పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే వచ్చి నా ఒళ్లో కూర్చుంది.

అరగంట కాస్తా రెండున్నర గంటలైంది. ఒళ్లో పిల్ల ఉంటే గడియారం ఎలా చూస్తాను?

సెప్టెంబరు 28

కొక్కు సొరంగంలో దారి తప్పింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"కరెంటు ఎవలు తీసిండ్రు?" సహస్ర అడిగింది.

"మీ డాడే" అంది మా అమ్మ.

బొగ్గుతో కరెంటు వస్తుందనీ, మేము బొగ్గు తీయడం ఆపామనీ ఓపికగా చెప్పాను. పిల్ల శ్రద్ధగా విని, "అయితే పోయి బొగ్గు తియ్యి" అంది.

నాలుగేళ్ల పిల్ల, సమ్మె విరమించమంటోంది! సంధ్యారాణి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

అక్టోబరు 2

మ. 2:00. సహస్ర నిద్రపోయింది. నేను పందికొక్కులు చూస్తుంటే సంధ్యారాణి వచ్చింది.

"ఎవలకోసం చూస్తున్నవు?"

"పిల్లకోసమే. ముందుగా చూసి, మంచిదో కాదో..."

"గీ భాగం నిన్న గూడ చూసినవు కదయ్యా."

పరిశీలన రెండుసార్లు చేస్తే తప్పా? రూల్ 4 గురించి ఇకపై ఈ డైరీలో చర్చ లేదు.

అక్టోబరు 10

ఇవాళ్టి భాగంలో సొరంగం కూలింది. పిల్లకొక్కు ఇటు, తండ్రికొక్కు అటు. చివరికి తండ్రి బయటపడింది గానీ, సహస్ర నవ్వలేదు.

"నువ్వు చెప్పినట్టే కూలింది డాడీ."

"అవును బిడ్డా, దిమ్మెల్లేవు కదా."

"నీ గనిల?"

"మా దాంట్ల ఉంటయి. పెట్టేది నేనే."

"నువ్వు పెట్టకముందు? కూలదా?"

పదకొండేళ్లలో ఏ ఆఫీసరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. సంధ్యారాణి లేచి టీవీ ఆపేసింది. నా వైపు చూడలేదు. తను కూడా ఈ ప్రశ్న ఎన్నేళ్లుగానో దాచుకుని ఉంటుందని అప్పుడే అర్థమైంది.

అక్టోబరు 17

సమ్మె ముగిసింది. రేపు మొదటి షిఫ్టు. సహస్ర మా మాటలు విని లోపలికి వెళ్లింది.

అక్టోబరు 18

ఉ. 5:45. బూట్లు లేవు.
6:05. ఒకటి బియ్యం డబ్బాలో దొరికింది.
6:30. రెండోది కూడా దొరికింది. పిల్ల గడపలో దాని మీదే కూర్చుంది. లేవదీస్తే మెడ పట్టుకుని ఒకటే ఏడుపు. "పోకు డాడీ. కూలుతది."
6:40. బస్సు పోయింది.

నెల పైగా సమ్మె చేసి, పని మొదలైన రోజే నాగా! దోస్తులు నన్ను బతకనిస్తారా?

పగలంతా మంచం కింద సొరంగం కట్టాం. చపాతీ కర్ర, రోకలి, మా అమ్మ చేతికర్ర, అన్నీ దిమ్మెలే. "ముందు కప్పు కొట్టి చూస్తం. ఖంగుమంటే మంచిగున్నట్టు. బోలుగ మోగితే దాని కింద ఎవ్వరం నిలబడం. దూరముండి ఊడగొడుతం. తర్వాతనే దిమ్మె" అని చెప్పాను.

"రోజూ కొడుతవా?"

"రోజూ. కొట్టకుండ ఒక్క అడుగు వెయ్య."

అది నిజం. భయం కూడా నిజమే, కానీ అది చెప్పలేదు. సహస్ర గరిటె తీసుకుని మంచం, తలుపు, కుండ కొట్టి విన్నది. మా అమ్మ నెత్తి కూడా కొట్టి, "బాపమ్మ బోలుగుంది" అని తేల్చింది. సాయంత్రం తనే బూట్లు తెచ్చి ఇచ్చింది. "రేపు కొట్టి చూసి పో."

అక్టోబరు 19

షిఫ్టు దిగి వచ్చేసరికి పిల్ల గేటు దగ్గర ఉంది.

"కొట్టినవా?"

"కొట్టిన."

"ఎట్ల మోగింది?"

"ఖంగుమన్నది."

సంధ్యారాణి వాకిట్లోనే నిలబడి విన్నది. తర్వాత లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.

అక్టోబరు 20

కొత్త కాగితం. కొత్త నిర్ణయం! కొట్లాటలు లేవు, కూరగాయలు లేవు, సొరంగాలు అసలే లేవు. రోజుకు అరగంట. ఈసారి ఖాయం.

సీడీ ఎంపిక సంధ్యారాణిది. చేపల కథ. "నీళ్లల్ల కప్పు ఉండదు కదా" అంది.

సా. 5:00. సీడీ పెట్టాం. సహస్ర ముందుగా గరిటెతో టీవీని రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విని, వచ్చి నా పక్కన కూర్చుంది.

"మంచిగుంది డాడీ. చూడొచ్చు."