ఆదివారం తాళం తీసిందెవరు

మంగళవారం, పలాస

కంప్యూటర్ కొత్త వెర్షన్‌కి మారిన దగ్గర్నుంచి నా తెలుగు డీటీపీ ప్రోగ్రాం తెరిచీ తెరవగానే మూసుకుపోతోంది. డొంకూరు గంగమ్మ సంబరం కరపత్రాల కోసం వచ్చిన పెద్దాయన సాయంత్రం దాకా షాపు బల్ల మీదే కూర్చుని, ఉత్త చేతుల్తో బస్సెక్కాడు. "పోన్లే అమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అక్క మొగుడు పొద్దున్నే వచ్చి ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఫాంట్లన్నీ మార్చాడు. "మనమేటి సేత్తాం మరదలా, దానంతటదే అప్‌గ్రేడైపోనాది" అన్నాడు. నేను పిచ్చిదానిలా కంపెనీవాళ్లని తిడుతూ ఆయనకి టీ తెప్పించాను.

బావ భోజనానికి వెళ్లినప్పుడు, ఈ గొడవ ఎప్పుడు మొదలైందో చూద్దామని అప్‌డేట్ హిస్టరీ తెరిచాను. అప్‌గ్రేడ్ అయింది ఆదివారం మధ్యాహ్నం. ఆదివారం నేను షాపు తెరవను. శనివారం మెయిన్ స్విచ్ కట్టేసి షాపుకి తాళం వేసింది నేనే. రెండో తాళంచెవి చేయించి బావకిచ్చిందీ నేనే.

తిరిగొచ్చాక, ఆదివారం ఎక్కడున్నావు బావా అని మామూలుగానే అడిగాను.

"నౌపడ పెళ్లికి ఎల్నాను గదేటి! యాటకూర అదిరిపోనాది" అన్నాడు, నా కీబోర్డు మీద చేతులు పెట్టుకునే.

నా షాపులో ఆయనకేం పని? అక్కకి తెలుసా? తెలీకపోతే నేను చెప్పాలా...

ఇందాక అక్కే ఫోన్ చేసింది. "మీ బావ పొద్దత్తమానం నీకోసమే కట్టపడ్డాడంట గదే?"

అవునన్నాను.