రాకుమారి పొగరు

నౌపడ, 12-6-68

వరాలుకి నాన్న ఆశీస్సులు. నువ్వు నీళ్లోసుకున్నావని తెలిసి మాకు కాళ్లు నేలమీద ఆనడం లేదు తల్లీ! ఆ సంబరంలో, పెళ్లికి ముందు నువ్వు చదువుతుంటే మేం వేరుశనక్కాయలు ఒలుస్తూ విన్న గంధర్వుడి నవలకి కొత్తగా వచ్చిన మూడో భాగం తెచ్చి, మీ అమ్మకి నేనే పైకి చదివాను. అందులో రాకుమారికి ఎంతసేపూ ఏడుపే. మీ అమ్మ, “నీకు సదవడం రాదు. మన పిల్ల సదివినప్పుడు ఆ రాకుమారి గుంట గంధర్వుణ్ణే ఎదిరించీది” అంది. పాత భాగాలు తీసి చూద్దును కదా, వాటిలోనూ ఏడుపే! ఆ పొగరంతా నువ్వు కల్పించి చదివిందేనా? ఎంత మురిసిపోయానో! పురిటికి వచ్చినప్పుడు ఇదీ అలాగే చదివి పెట్టు. వేవిళ్లు తగ్గాయా? మామిడి తాండ్ర పంపనా? మీ అమ్మ ఇంకా నా చదువునే తిడుతోంది, తిట్టనీ. అసలు సంగతి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు. మీ ముగ్గురికీ దీవెనలు.

నాన్న