గోపాలు పడవకు ఏ మోటారు

మణుగూరు,
18 మే 2025, ఆదివారం.

చిరంజీవి గోపాలుకు,

బావ కుమారస్వామి ఆశీస్సులు. నీ క్షేమం మధులత ఫోన్లో చెప్తూనే ఉంది. నా సంగతులు కూడా ఆమే నీకు చెప్తూ ఉంటుంది కాబట్టి అవి రాయను. నేను ఫోన్ చేస్తే నువ్వు ‘ఆఁ బావా’ అని వెంటనే ఫోన్ నీ భార్య చేతికి ఇస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావని ఇలా రాస్తున్నాను.

విషయం మోటారు. మీ మత్స్యకారుల సంఘానికి వచ్చే పడవ మోటార్లలో ఎవరికి ఏది కావాలో ఈ నెల ఇరవై ఎనిమిదిలోపు ఫారంలో రాసి సంతకం పెట్టాలని తెలిసింది. పెట్టనివాడి వంతు వెనక ఉన్నవాడికి పోతుందట. మొన్న మధులత ఫోన్ చేసి, అన్నా, గాయన ఫారం తెచ్చి దూలంల చెక్కి పెట్టిండు, రాయమంటె రాయడు, వద్దా అంటె వద్దనడు, బోర్లేసిన పడవ మీద కోళ్ళు పంటున్నయి, నువ్వన్న చెప్పరాదే అంది.

నీకు మోటారు కావాలా అని నేను అడగడం లేదు. కావాలనే అనుకుని, ఏది తీసుకోవాలో చూసి వచ్చాను.

పోయిన ఆదివారం రాజమండ్రి వెళ్ళాను. భద్రాచలం మీదుగా పోయే బస్సు. బ్రిడ్జి మీద నీళ్ళు కనిపించే వైపు కూర్చోలేదు. అక్కడ మోటార్లు అమ్మే దుకాణంలో రెండు గంటలు ఉన్నాను. మెకానిక్ నా చొక్కా, కళ్ళద్దాలు చూసి, పడవ ఎవరిదండీ అన్నాడు. మా బామ్మర్దిది అన్నాను. బామ్మర్దికి మోటారు ఎంచడానికి ఇంత దూరం వచ్చిన బావగారిని మిమ్మల్నే చూస్తున్నానండీ, మా బావైతే నా సైకిలుకి గాలి కూడా కొట్టడండీ అన్నాడు. మంచివాడు. రెండు మోటార్లను నీళ్ళ డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేసి చూపించాడు.

ముందు పడవ కొలత. మోటారు తగిలించే వెనక చెక్క ఎత్తు ఎంతో కొలవమని మధులతకు చెప్పాను. మొదట వెడల్పు కొలిచింది. అది కాదమ్మా, పై అంచు నుంచి అడుగుదాకా అన్నాను. ముందే చెప్పాలె గదా, పడవ కింద దూరితే నడుం పట్టింది అని విసుక్కుంది. పదహారు అంగుళాలు వచ్చింది. అంటే నీకు పొట్టి షాఫ్టు మోటారు సరిపోతుంది. పొడుగు షాఫ్టుది తీసుకుంటే నీళ్ళలో తిరిగే ఫ్యాను ఇంకో అయిదు అంగుళాలు కిందికి దిగుతుంది. ఎండాకాలంలో మీ రేవు ముందు ఇసుక మేటలు ఎలా ఉంటాయో నాకంటే నీకే తెలుసు. ఫారంలో షాఫ్టు అని ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారట. అలా వదిలితే వాళ్ళ దగ్గర ఏది మిగిలితే అది వస్తుంది. తప్పకుండా నింపు.

తర్వాత పవర్. ఎనిమిది హార్స్‌పవర్, పదిహేను హార్స్‌పవర్, రెండూ ఉన్నాయి. మీ సంఘం పెద్ద సీతయ్య గురువారం సంతలో కనిపించాడు. ఆయన అందరి చేతా పదిహేనే రాయిస్తున్నాడు. పెద్దది ఇస్తమంటె చిన్నది అడిగెటోడు ఉంటడా సారూ, మీరు సదువుకున్నోళ్ళు, గిట్ల చెప్తె మమ్ముల నవ్వుతరు అన్నాడు. నేను ఆయనను బరువు అడిగాను. ఆయనకు తెలియదు. పదిహేనుది యాభై కిలోలు దాటుతుంది. ఎనిమిదిది నలభైలోపే. రోజూ సాయంత్రం మోటారు విప్పి గట్టెక్కించి ఇంటికి మోసుకు రావాల్సింది నువ్వు. మీ గట్టు ఎంత నిటారుగా ఉంటుందో, వానాకాలంలో ఎంత జారుతుందో నేను నాలుగుసార్లు పడి తెలుసుకున్నాను. వల, నువ్వు, రెండు బుట్టల చేప. ఇంతకు ఎనిమిది చాలు. నీ పడవ వెనక చెక్క కూడా పదిహేనుకు ఆగేది కాదు.

ఇక టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా. నీ పాతది టూ స్ట్రోక్. తేలిక, బాగుచేయడం సులువు, నిజమే. కానీ పెట్రోలులో ఆయిలు కలపాలి, అది కొంత నీళ్ళలోకి వస్తుంది. నువ్వు పంపిన చేపను మీ అక్క తిరుమల చింతపండు వేసి రెండుసార్లు కడిగేది. వాసన వస్తోందని నేనంటే ఒప్పుకునేది కాదు. నీ ముక్కుకే మీ బొగ్గుగని డీజిలు పట్టింది, మా తమ్ముని చేపకేమైంది, తినకపోతె లెవ్ అనేది. నీ మీద ఈగ వాలనిచ్చేది కాదు. నేను లేచేవాణ్ణి కాదు, తినేవాణ్ణి.

ఫోర్ స్ట్రోక్‌కు ఆ గొడవ లేదు. చప్పుడు తక్కువ, తాగేది కూడా తక్కువ. ఒక్క జాగ్రత్త ఉంది. ఇంటికి తెచ్చాక దాన్ని ఒక పక్కకే పడుకోబెట్టాలి. ఏ పక్కకో మోటారు మీదే బొమ్మ ఉంటుంది. రెండో పక్కకు పెడితే ఆయిలు పైకెక్కి పొద్దున స్టార్ట్ కాదు. మధులతకు కూడా చూపించు, ఊడ్చేటప్పుడు జరుపుతుంది.

కాబట్టి ఫారంలో ఇలా రాయి: ఎనిమిది హార్స్‌పవర్, ఫోర్ స్ట్రోక్, పొట్టి షాఫ్టు.

ఇప్పుడు రెండో మాట. తిరుమల పోయి పది నెలలు. ఏటా వానాకాలం మొదట్లో మీ వలలు బాగుచేయడానికి వచ్చినట్టే కిందటి జులైలోనూ మీ ఇంటికి వచ్చింది. కట్టెల మోపులో పాము కరిచింది. వాగు పొంగి పినపాక దారి మూసుకుపోయింది. దిగువ రేవుదాకా పడవలో తీసుకురావడం తప్ప మార్గం లేదు. నువ్వు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు. నేను ఆ రేవులో అంబులెన్సు పక్కన నిలబడి ఉన్నాను. కొట్టుకొచ్చిన దుంగ తగిలింది. ఇంజను మోగుతూనే ఉంది, పడవ ముందుకు రాలేదు. నా ఎదురుగానే నడి గంగలో అలా దిగువకు పోయింది. మధులత ఒళ్ళో తల పెట్టుకుని ఉంది ఆమె. నువ్వు తెడ్డుతో అవతలి ఒడ్డు చేర్చేసరికి రెండున్నర గంటలు. మందు ఉంది, వేళ మించింది అన్నాడు డాక్టరు.

దుంగ ఎవరికైనా తగులుతుంది. ఈ మాట నీకు దినాల నాడు చెప్పాను, తర్వాతా చెప్పాను. నువ్వు నమ్మలేదు. పడవ బోర్లించి మిరప కూలికి పోతున్నావు. సీతయ్య ఆ గురువారమే ఇంకో మాట కూడా అన్నాడు. గంగల పుట్టినోడు గంత దుంగను సూడకపాయె, రేవుల నలుగురు అంటరు సారూ, అనకుంట ఎట్లుంటరు అని. నేను బస్సు వచ్చిందని చెప్పి వచ్చేశాను. బస్సు రాలేదు.

నీకు నది తప్ప వేరే పని రాదు. రాకపోవడం తప్పు కాదు. మిరప ఏరడంలో నీ కంటే చిన్నపిల్లలు నయమని మధులత చెప్పింది. ఈ వంతు పోతే మళ్ళీ ఎప్పుడు వస్తుందో సంఘానికే తెలియదు. నలభై రెండేళ్ళకే నది వదిలేస్తే మిగతా రోజులు ఏం చేస్తావు? తిరుమల ఉంటే ఈ ప్రశ్న ఇంత నెమ్మదిగా అడిగేది కాదు.

వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు ఇప్పుడు కుదురుతోంది. మధులతను నా గురించి బెంగ పడవద్దని చెప్పు.

ఇట్లు,
మీ బావ,
కుమారస్వామి.

తా.క.: ఇది మొదటే రాయాల్సింది. మొదట రాస్తే మోటారు గురించి రాసింది చదవకుండా చింపేస్తావని ఇక్కడ పెట్టాను.

ఫ్యానును షాఫ్టుకు పట్టి ఉంచే ఇత్తడి పిన్ను సంగతి నీకు తెలిసిందే. నెలకు రెండుసార్లు విరుగుతుందని, నడి గంగలోనే పది నిమిషాల్లో కొత్తది వేసుకుంటానని కిందటేడు ఉగాదికి భోజనాల దగ్గర నువ్వు నవ్వుతూ చెప్పావు. నాకది నాసిరకం పనిగా కనిపించింది. విరిగిన ముక్క ఒకటి జేబులో వేసుకుని వచ్చాను. మా గని వర్క్‌షాప్‌లో డంపర్లకు వాడే ఉక్కుతో అదే కొలతకు ఒక పిన్ను చేశాను. మృగశిర నాడు చేపల భోజనానికి మీ ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు అమ్మకానికి ఏడూళ్ళ బయ్యారం పోయి ఉన్నావు. నేనే బిగించాను. తిరుమల చూసి, వాణ్ణి అడగకపోతివి అంది. అడిగేదేముంది, మంచిదే కదా అన్నాను. ఆ తర్వాత నెలన్నర పిన్ను ఒక్కసారీ విరగలేదని నువ్వు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టావు. నేను లోలోపల సంతోషపడ్డాను.

దెబ్బ తగిలితే ఆ పిన్ను విరగాలి. విరగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. ముప్పై ఏళ్ళు యంత్రాలతో పనిచేసినవాణ్ణి, నాకు ఆ ఆలోచన రాలేదు. దుంగ తగిలినప్పుడు నాది విరగలేదు. దెబ్బ లోపలికి పోయి గేరు పళ్ళు రాలిపోయాయి. దినాలయ్యాక బాగుచేయిస్తానని మోటారు నేను తెచ్చుకున్నది ఇది చూడటానికే. పిన్ను చెక్కు చెదరలేదు. మోటారు పనికిరాదని నీకు కబురు పంపి ఊరుకున్నాను.

ఆ రోజు నువ్వు ఫ్యాను విప్పబోతే రాలేదని, చేతులు వణికి రాలేదని మధులతతో అన్నావట. చేతులు కారణం కాదు. నేను వర్క్‌షాప్ పానాతో బిగించాను. నీ కటింగ్ ప్లేయరుకు అది రాదు.

ఇత్తడి పిన్నే ఉంటే, నువ్వు దుంగను చూడకపోవడం వల్ల పోయేది పది నిమిషాలు. మిగతాదంతా నాది. పది నెలలు నీ మీద వేసి ఊరుకున్నాను. ఈ కాగితం మధులతకు చదివి వినిపించు. సీతయ్యకు కూడా, రేవులో, నలుగురూ ఉన్నప్పుడు. వాళ్ళు అడిగితే వచ్చి నా నోటితో చెప్తాను.

ఇంత చదివాక మోటార్ల గురించి నా మాట వినబుద్ధి కాకపోతే పైన రాసింది వదిలేయి. సీతయ్య చెప్పిన పదిహేనే రాయి. సంతకం మాత్రం పెట్టు.