నీ గళ్ల లుంగీ

శ్రీనూ,

నువ్వు చదవవని తెలుసు, అయినా నీ కుక్కల మీద ఫిర్యాదు నీకే చెప్పాలి.

సాగర్ రోడ్డు మీద కారు బోల్తాపడి నువ్వు పోయాక, విరిగిన కాలితో ఇబ్రహీంపట్నం ఇంట్లో మంచం పట్టాను. కట్టు మీదికి సులువని నీ గళ్ల లుంగీయే చుట్టుకునేదాన్ని. నీ కుక్కలు రెండూ నన్ను ఆనుకునే పడుకున్నాయి, చెరోపక్క నడిచి మళ్లీ నడక నేర్పాయి. నా మీద ప్రేమేననుకుని మురిసిపోయాను.

ఈరోజు మొదటిసారి చీర కట్టుకుని గేటుదాకా నడిచాను. ఒక్కటీ వెంట రాలేదు. దండెం మీది లుంగీని కిందికి గుంజి, దాని మీదే పడుకున్నాయి.

"బువ్వ పెట్టేది నేనైతే, ప్రేమ మీ కొడుకు మీదనా?" అన్నాను అత్తమ్మతో.

"ఇన్ని దినాలు గవి నడిచింది నీ ఎంబడి గాదు బిడ్డా, వాని లుంగీ ఎంబడి."

ఒళ్లు మండింది. వాటి కిందినుంచి లుంగీ లాక్కుని ముఖానికి అదుముకున్నాను.

ఎంతసేపు పీల్చినా నాకు సబ్బు వాసనే వచ్చింది.